ఓటమెరుగని వాడి నడుం నొప్పి

పెళ్లి కుదిరే రోజున మా మామగారు నన్నడిగారు, "ఏటి పని సేస్తన్నావు బాబూ?" అని. పూల్ రిఫరీనండి అన్నాను. ఆయన సంతోషంగా వాళ్లావిడ వైపు తిరిగి, "కుర్రోడికి ఈతొచ్చంట" అన్నారు. ఆ మాట సరిదిద్దుదామని నేను నోరు తెరిచేలోగా అందులో స్వీటు పెట్టేశారు. పెళ్లయ్యాక భీమిలి వెళ్లినప్పుడు, మోకాళ్ల లోతు దాటి నీళ్లలోకి రానని నేను భీష్మించుకుంటే మా ఆవిడ చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను. ఈ పూల్‌లో నీళ్లుండవు. బట్ట పరిచిన బల్ల, దానికి ఆరు చిల్లులు, అంకెలు వేసిన రంగు బంతులు, ఒక తెల్ల బంతి, ఆటగాడి చేతిలో కర్ర. కర్రతో తెల్ల బంతిని కొట్టాలి, అది వెళ్లి రంగు బంతిని చిల్లులో పడెయ్యాలి. నేను ఎక్కువగా నడిపించింది తొమ్మిది బంతుల ఆట. బల్ల మీదున్న వాటిలో ఎప్పుడూ చిన్న అంకె బంతికే ముందు తగలాలి. బంతి పడుతున్నంతసేపూ వంతు ఆడేవాళ్లదే. తొమ్మిదో బంతిని ఎవరు పడేస్తే ఆ ర్యాక్ వాళ్లది. బంతులు మళ్లీ పేర్చి ఇంకో ర్యాక్ మొదలుపెడతాం. చిన్నపిల్లలకు కూడా కాసేపట్లో అర్థమైపోయే ఆట. మా అసోసియేషన్ ఛైర్మన్ గారికి మాత్రం చివరివరకూ అర్థం కాలేదు.

విజయనగరంలో ఒక పాత క్లబ్బులో మార్కరుగా మొదలుపెట్టాను. మార్కరంటే బంతులు పేర్చి, స్కోరు చెప్పి, పెద్దమనుషులు ఓడిపోయినప్పుడు బల్ల వంకరగా ఉందని ఒప్పుకునే ఉద్యోగి. తర్వాత ఊళ్లలో పార్లర్లు వచ్చాయి, పోటీలు వచ్చాయి. నేను పరీక్ష రాసి రిఫరీనయ్యాను. శ్రీకాకుళం నుంచి శృంగవరపుకోట దాకా ఎక్కడ బల్ల వేస్తే అక్కడికి నల్ల కోటు, తెల్ల చేతిగ్లవ్సు సంచీలో పెట్టుకుని బస్సెక్కేవాణ్ని. ఇప్పుడు మోకాళ్లు వంగనంటున్నాయి. రిటైరయ్యాను.

కొత్తగా రిఫరీ కోర్సు చేసిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొస్తుంటారు. ఫౌల్ గురించి అడుగుతారనుకుంటాను. వాళ్లడిగేది ఒకటే. "మీరు చూసినవాళ్లలో అందరికన్నా గొప్ప ప్లేయరు ఎవరు సార్?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు మా వైపు గొప్పతనాన్ని ఎలా కొలుస్తారో చెప్పాలి. అది చెప్పాక మీకు ఈ ఉద్యోగం మీద మోజు తగ్గితే నా పూచీ లేదు.

గొప్పతనం కొలిచే పద్ధతులు

మొదటి కొలత చప్పుడు. పేర్చిన బంతుల్ని చెదరగొట్టే తొలి దెబ్బను బ్రేక్ అంటారు. అది ఎంత గట్టిగా మోగితే ఆటగాడు అంత గొప్పవాడు. బొబ్బిలిలో ఒకాయన బ్రేక్ కొడితే కింద మందుల షాపు వాళ్లు పైకొచ్చి చూసేవారు. బంతి మాత్రం ఒక్కటీ పడేది కాదు. అయినా ఆయన వెనక ఎప్పుడూ నలుగురు కుర్రాళ్లు తిరిగేవారు.

రెండోది కర్ర పెట్టె. తోలు పెట్టె, దానికి తాళం, లోపల మఖమల్ గుడ్డ. పెట్టె తెరవడానికి పట్టే సమయాన్ని బట్టి మర్యాద. ఒకాయన ఆ పెట్టె తాళం చెవి ఇంట్లో మరిచిపోయి, పార్లరులో గోడకు ఆనించిన కర్ర తీసుకుని ఆడాడు. ఎప్పటికన్నా బాగా ఆడాడు. ఆ సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తకూడదు.

మూడోది గారడీ. బంతుల్ని వరసగా పేర్చి ఒక్క దెబ్బకు అన్నింటినీ పడేసి ఫోనులో వీడియో పెట్టేవాళ్లు. ముందు పడనివన్నీ వీడియోలో ఉండవు కదా. పోటీలో అలా పేర్చిన బంతులు దొరకవు. మొదటి రౌండులోనే ఇంటికెళ్లిపోయి, ఇంకో వీడియో పెడతారు.

నాలుగోది, అన్నింటికన్నా పెద్దది, రికార్డు. ఎన్ని కప్పులు, ఎన్ని శాలువాలు, ఎన్నిసార్లు పేపర్లో ఫొటో. ఎవరి మీద గెలిచాడు, ఏ బల్ల మీద గెలిచాడు, ఎదుటివాడు ఆ రోజు జ్వరంతో ఉన్నాడా అని ఎవరూ అడగరు.

మా నాన్న వయొలిన్ పక్కవాద్యం వాయించేవారు. నా ఉద్యోగమంటే ఆయనకు చిన్నచూపు. ఒకసారి మాత్రం నా వెంట వచ్చి ఓ పోటీ చూశారు. ఆట అయ్యాక నడుస్తూ అడిగారు. "జనమంతా ఆ బల్ల దగ్గరోణ్ణి చూస్తున్నారేంట్రా? కుర్చీలో కూర్చున్నోణ్ణి కదా చూడాలి. మాకు పాటగాడి సంగతి తెలిసేది మృదంగం వాడి మొహంలోనే." పూల్‌లో ఒకరు ఆడుతుంటే రెండోవాళ్లు కుర్చీలో కూర్చుని చూడాల్సిందే. ఆ రోజు నుంచి నేనూ కుర్చీ వైపు చూడడం మొదలుపెట్టాను. రిఫరీ కోర్సులో ఈ పాఠం లేదు.

రమణ

రమణది గజపతినగరం దగ్గర పల్లె. వరి, నువ్వులు పండించే ఇల్లు. ఇంత ఎత్తు మనిషి, పొలం పనితో గట్టిపడిన చేతులు. వాడు బ్రేక్ కొడితే చప్పుడూ మోగేది, బంతులూ పడేవి. నేను వెక్కిరించబోతున్నాను కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను, వాడికి ఆట వచ్చు. దూరం నుంచి బంతిని గురిచూసి పడేయడంలో మా వైపు వాడికి సాటి లేరు.

కాని వాడి కప్పుల్లో ఎక్కువ భాగం ఎక్కడివో నాకు తెలుసు. పోటీలు వాడు రోజూ ఆడే పార్లరులోనే పెట్టేవారు. ఆ బల్ల మీద ఏ మూల బంతి ఎటు జారుతుందో వాడికి తన పొలం గట్టు తెలిసినట్టు తెలుసు. ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే డ్రా చీటీలు తీసేది ఛైర్మన్ గారు. గట్టివాళ్లిద్దరు ఎప్పుడూ అవతలి వైపు పడి, ఒకరినొకరు కొట్టుకుని, మిగిలినవాడు అలిసిపోయి ఫైనలుకొచ్చేవాడు. రమణ ఇవతలి వైపు నుంచి కడుపు నిండా టిఫిన్ చేసి వచ్చేవాడు.

ఛైర్మన్ గారి గురించి కూడా చెప్పాలి. విజయనగరంలో ఇనుము, సిమెంటు వ్యాపారం. ఆయన పూల్ అసోసియేషనుకు ఛైర్మన్ ఎందుకయ్యారంటే, కబడ్డీ అసోసియేషనులో అప్పటికే ఎవరో ఉన్నారు కాబట్టి. మనిషి చెడ్డవారు కాదు. ఆయనకు కావలసిందల్లా ఒక గొప్ప ఆటగాడు, అతని పక్కన నిలబడి ఒక ఫొటో. రమణ కప్పులు లెక్కపెట్టి ఆయనే ఒక బిరుదు కనిపెట్టారు, "ఓటమెరుగని రమణ" అని. ఫ్లెక్సీల మీద రమణ మొహం కన్నా ఛైర్మన్ గారి మొహం పెద్దగా ఉండేది.

పొందూరు అమ్మాయి

భవానిది పొందూరు. వాళ్లమ్మ ఇంట్లో నూలు వడుకుతుంది. భవాని డిగ్రీ చదివి, అక్కడే ఒక బట్టల దుకాణంలో పనిచేసేది. శ్రీకాకుళంలో వాళ్ల మేనమామ సింహాచలానికి రెండు బల్లల పార్లరుంది. సెలవురోజున మామ ఇంటికి వెళ్లి, ఖాళీగా ఉన్న బల్ల మీద ఆడుతూ ఆట నేర్చుకుంది.

మా అసోసియేషన్ అప్పుడప్పుడూ మహిళల పోటీ పెట్టేది. అంటే అసలు పోటీ మధ్యలో, భోజనాల వేళ, పురుషులు బిర్యానీ తింటుండగా ఒక బల్ల మీద ముగ్గురు ఆడపిల్లల్ని ఆడించేవారు. గెలిచినామెకు ప్రెషర్ కుక్కరు. భవాని ఇంట్లో కుక్కర్లు వరసగా ఉండేవి. వాళ్ల మామ ఒకసారి నాతో, "ఇంకో రెండేళ్లు పోతే హోటలెట్టీయొచ్చు బాబూ" అన్నాడు.

ఆమె ఆటలో చప్పుడు లేదు. బంతి పడేయడానికి వీలుంటే పడేసేది. వీల్లేకపోతే తెల్ల బంతిని తీసుకెళ్లి ఇంకో బంతి వెనక దాచేసేది. అప్పుడు ఎదుటివాడికి తను కొట్టాల్సిన బంతి కనపడదు, తగలకపోతే ఫౌల్. ఫౌల్ అయితే తెల్ల బంతిని ఆమె తనకు నచ్చిన చోట పెట్టుకుని ఆడొచ్చు. మేము దీన్ని సేఫ్టీ అంటాం. జనానికి ఇది నచ్చదు. ఏమీ పడదు కదా. కాని అలా దాచడానికి తెల్ల బంతిని ఎంత దూరంలో ఆపాలో చేతికి తెలియాలి. మా వైపు సముద్రం గాలికి బట్ట చెమ్మగిల్లి, పొద్దున ఉన్న వేగం సాయంత్రానికి ఉండదు. ఆమె రెండు దెబ్బల్లో ఆ తేడా పట్టేసేది.

ఒక ఆదివారం రమణ తన వెంట తిరిగేవాళ్లతో కలిసి సింహాచలం పార్లరుకు వచ్చాడు. బల్ల సరిచూసిపెట్టమని సింహాచలం పిలిస్తే నేనూ అక్కడే ఉన్నాను. సరదాగా ఒక ఆట వేద్దామని భవానిని పిలిచాడు. "సూడమ్మీ, ఆడోళ్లతో ఆడ్డం నాకలవాటు నేదు. మెల్లగ కొడతాన్లే" అన్నాడు.

భవాని కర్రకు సుద్ద రాస్తూ, "ఎలాగ కొట్టినా పరవానేదు. బంతికి తెల్దు కదా ఎవుల్తో ఆడతన్నావో" అంది.

మెల్లగా కొట్టాడు, ఓడిపోయాడు. గట్టిగా కొట్టాడు, ఇంకా తొందరగా ఓడిపోయాడు. పదేపదే తెల్ల బంతి ఏదో ఒక బంతి వెనక దాక్కునేది. రమణ బల్ల చుట్టూ తిరుగుతూ, "ఇదేటి ఆట? దాగుడుమూతలా?" అని అరిచాడు. పోయేటప్పుడు మెట్ల మీద ఆగి నన్ను చూసి, "ఇది ప్రాక్టీసండి మేష్టారూ. లెక్కలోకి రాదు" అన్నాడు. వెంట వచ్చినవాళ్లందరూ తలలూపారు. ఓటమెరుగని రమణ ఓటమెరుగకుండానే బస్సెక్కాడు.

ఆ తర్వాత నాకో విషయం కనపడసాగింది. పార్లర్లవాళ్లు ఆడామగా కలిపి పెట్టే పోటీల్లో భవాని పేరిచ్చిన ఏ ఒక్కదాన్లోనూ రమణ ఉండేవాడు కాదు. ఒకసారి ఊడ్పులు, ఒకసారి చుట్టాల పెళ్లి, ఒకసారి జ్వరం. ఆమె రాదని తెలిసిన పోటీకి మాత్రం అందరికన్నా ముందొచ్చి టీ తాగుతుండేవాడు. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఒకడు ఎంతమందిని ఓడించాడో అసోసియేషన్ చెబుతుంది. ఎవరితో ఆడకుండా తప్పించుకున్నాడో రిఫరీకి మాత్రమే తెలుస్తుంది.

కిరీటం

రమణకు "ఉత్తరాంధ్ర పూల్ చక్రవర్తి" బిరుదు ఇవ్వాలని ఛైర్మన్ గారికి ఆలోచన వచ్చింది. ఊరికే ఇస్తే బాగోదు కాబట్టి ఒక పోటీ పెట్టారు. విజయనగరంలో పెళ్లిళ్లు జరిగే ఒక ఫంక్షన్ హాలు తీసుకుని, బల్లలు తెప్పించారు. నాటకాల సామాను అద్దెకిచ్చే షాపు నుంచి కిరీటం తెచ్చారు. కార్యక్రమంలో అన్నీ ముందే నిర్ణయమైపోయాయి. మిగిలింది ఆట ఒక్కటే.

భవాని పేరిచ్చింది. ఛైర్మన్ గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఇది మగోళ్ల పోటీ కదండీ రిఫరీ గారూ?"

"మీరు వేసిన కరపత్రంలో ఓపెన్ అని ఉందండి. ఓపెన్ అంటే ఎవరైనా ఆడొచ్చు."

"నానేదో స్టైలుగా ఉంటాదని అలగేయించాను."

"స్టైలుగానే ఉందండి" అన్నాను.

ఆయన మళ్లీ అచ్చు వేయించడానికి సమయం చాలలేదు. ఎలాగూ మొదటి రౌండులో వెళ్లిపోతుందని సర్దుకున్నారు. వెళ్లలేదు. తోలు పెట్టె ఆయన ఓడిపోయి, పెట్టెకు తాళం వేయడం మరిచిపోయి వెళ్లాడు. వీడియోల కుర్రాడు ఓడిపోయిన వీడియో ఎవరో తీశారు, అది అతని వీడియోలన్నింటికన్నా ఎక్కువమంది చూశారు. ఆదివారం మధ్యాహ్నానికి ఫైనల్లో ఒక వైపు భవాని. రెండో వైపు, అలవాటు ప్రకారం కడుపు నిండా తిని వచ్చిన రమణ.

ఫైనలుకు ముందు రమణకు నడుం నొప్పి పట్టుకుంది. పెళ్లికూతురి గదిలో పడుకున్నాడు. ఛైర్మన్ గారు, కమిటీ వాళ్లు, నేను, భవాని, వాళ్ల మామ సింహాచలం ఆ గది ముందు నిలబడ్డాం. ఛైర్మన్ గారు పరిష్కారం కూడా ఆలోచించి తెచ్చారు. ఫైనల్ రద్దు చేసి, రమణకు ఇదివరకటి రికార్డు మీద చక్రవర్తి బిరుదు, భవానికి ఉత్తమ మహిళా క్రీడాకారిణి జ్ఞాపిక.

"ఓడిపోయేవని ఎవులూ అనరమ్మా" అన్నారు ఆమెతో, ఎంతో దయగా.

"గెలిసేనని కూడా అనరు కదండీ" అంది భవాని. "కుక్కర్లు సాలండి బాబూ. నాను ఆడ్డానికొచ్చాను, ఆడించండి. నేదంటే రమణ ఆటకి రానేదని మైకులో సెప్పీండి."

ఆ చివరి మాట ఛైర్మన్ గారికి మింగుడుపడలేదు. అప్పుడు హాలు వైపు నుంచి రమణ భార్య తులసి వచ్చింది. చేతిలో టీ గ్లాసు. తలుపు తోసి, లోపలున్న మొగుడితో అందరికీ వినపడేలా అంది.

"నడుం నొప్పేటి? పొద్దున్న నాలుగు బస్తాలు బండికెత్తీసి వచ్చినావు. అప్పుడు నేని నొప్పి ఇప్పుడెక్కడినుంచి వచ్చిందయ్యా?"

టీ గ్లాసు గుమ్మం పక్కన పెట్టింది.

"భయమేస్తే భయమేస్తందని సెప్పు. ఇంటికెల్లిపోదాం. నానేటీ అన్ను. గాని నొప్పని పడుకోకు. రేపు నిజంగా నొప్పొస్తే నాను నమ్మను."

కాసేపటికి రమణ బయటికొచ్చాడు. ఎవరి మొహమూ చూడలేదు. కర్ర తీసుకుని బల్ల దగ్గరికి నడిచాడు. నేను గ్లవ్సు తొడుక్కున్నాను.

సోఫా

ఎవరు ముందుగా ఏడు ర్యాకులు గెలిస్తే వాళ్లే విజేత. చక్రవర్తి కూర్చోవడానికని ఛైర్మన్ గారు పెళ్లి రిసెప్షనులో వేసే ఎర్ర మఖమల్ సోఫా తెప్పించారు, పక్కన సింహం తలలతో. భవానికి ప్లాస్టిక్ కుర్చీ.

రమణ విజృంభించాడు. మొదటి మూడు ర్యాకులు ఆమెను లేవనివ్వలేదు. బ్రేక్, దూరపు దెబ్బ, ఇంకో దూరపు దెబ్బ. హాలంతా ఈలలు. నేను కుర్చీ వైపు చూశాను. భవాని చేతులు ఒళ్లో పెట్టుకుని బల్లనే చూస్తోంది. రమణను కాదు, జనాన్ని కాదు, బంతులు ఎంత దూరం దొర్లి ఆగుతున్నాయో చూస్తోంది.

నాలుగో ర్యాకులో రమణ ఒక బంతి తప్పాడు. ఆమె లేచి దాన్ని పడేయలేదు. తెల్ల బంతిని మెల్లగా తోసి ఏడో బంతి వెనక దాచి వచ్చి కూర్చుంది. రమణ ఫౌల్ చేశాడు. ఆ ర్యాక్ ఆమెది. తర్వాతదీ ఆమెదే. ఆ తర్వాతదీ.

ఇప్పుడు కూర్చునే వంతు రమణది. ఆ సోఫాలో కూర్చుంటే మనిషి నడుందాకా దిగిపోతాడు. లేవాలంటే సింహం తల పట్టుకుని ఊగి లేవాలి. రెండుసార్లు అలా లేచాడు. మూడోసారి లేచి, "ఈ సోఫా తీసీండి బాబూ. నానేటి, పెళ్లికొడుకునా?" అన్నాడు.

"అది స్పెషల్‌గా తెప్పించినాం రమణా" అన్నారు ఛైర్మన్ గారు.

"అయితే మీరు కూకోండి."

ఇంకో ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. అప్పటినుంచి ఆట మారింది. ఒకటి రమణది, ఒకటి ఆమెది. ఆరు, ఆరు అయ్యింది. ఇక ఒక్క ర్యాకే.

బ్రేక్ భవానిది. నాలుగు బంతులు తీసేసింది. ఐదో బంతి అందలేదు. దాన్ని ఒక కొసకు పంపి, తెల్ల బంతిని రెండో కొసన ఎనిమిదో బంతి వెనక అంటుకున్నట్టు ఆపింది. జనం, "కొట్టెయ్ రమణన్నా!" అని అరిచారు. ఇన్నేళ్లూ రమణ ఇలాంటప్పుడు చేసింది అదే. కళ్లు మూసుకుని బాదితే ఏదో ఒకటి తగలకపోతుందా అని.

ఈసారి బాదలేదు. బల్ల చుట్టూ రెండుసార్లు నడిచాడు. వంగి, తెల్ల బంతిని బల్ల అంచున ఉండే పక్క గోడకేసి మెల్లగా కొట్టాడు. అది అక్కడ తగిలి, ఇంకో గోడకు తగిలి, నడుచుకుంటూ వెళ్లి ఐదో బంతిని ముట్టుకుంది. ముట్టుకుని ఎలా జారిందంటే, ఇప్పుడు భవానికి దారి లేదు.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఏ బంతీ పడలేదు కదా. కుర్చీలో భవాని తల మాత్రం ఒక్కసారి, ఇంతే ఇంత, ఊగింది.

ఆమె లేచి అతనికి బంతి కనపడకుండా దాచింది. అతను ఆమెకు దాచాడు. ఐదో బంతి బల్ల చుట్టూ ప్రదక్షిణ చేస్తోంది, చిల్లు వైపు మాత్రం పోవడం లేదు. వెనక వరసల వాళ్లు లేచి ఐస్‌క్రీమ్ స్టాలు వైపు వెళ్లారు. ఛైర్మన్ గారు సోఫాలోంచి నా వైపు వంగి, "ఏటండీ, ఒక్కటీ పడ్డం నేదు. ఆట పాడైపోనాదేటి?" అని గుసగుసగా అడిగారు. ఆయన కిరీటం ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. నా ఉద్యోగంలో నేను చూసిన అన్నింటికన్నా మంచి ఆట ఆ కాసేపే. దాన్ని ఆ హాల్లో చూసినవాళ్లం బహుశా అయిదారుగురం ఉంటాం. అందులో ఇద్దరు ఆడుతున్నారు.

చివరికి భవాని దాచిన చోట సన్నని సందు మిగిలింది. అంత సందు చాలు రమణకు. అటు కొస నుంచి ఐదో బంతి పడేశాడు. ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదో బంతి చిల్లు పక్కనే ఉంది, నేను కూడా పడేయగలను. అది పడగానే హాలు దద్దరిల్లిపోయింది. ఐస్‌క్రీమ్ కప్పులతో పరుగెత్తుకొచ్చినవాళ్లు కూడా ఎగిరారు.

భవాని లేచి వచ్చి చెయ్యి కలిపింది. "ఐదో బంతిని అలగ ముట్టించినావు సూడు. అదెక్కడ నేర్సుకున్నావు?"

రమణ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నీ కాడే. ఆ ఆదివారం నువ్వు నా మీద ఆడినావు కదా. మా పార్లరు బల్ల మీద దినమూ అదే ఆడుకున్నాను."

లెక్కలోకి రాని ప్రాక్టీసు గురించి వాడలా చెబుతుంటే, నేను బంతులు పెట్టెలో సర్దుతూ విన్నాను.

సన్మానం

కిరీటం రమణకు పెద్దదైంది. కనుబొమ్మల మీదికి జారింది. మైకు దగ్గర ఒకాయన "ఓటమెరుగని" అని మొదలుపెట్టాడు. రమణ ఆ మైకు అందుకున్నాడు.

"ఒకపాలి ఓడిపోనానండి. శ్రీకాకులంలో. ఈ అమ్మి సేతిలోనే."

"అది ప్రాక్టీసు" అన్నారు పక్కనుంచి ఛైర్మన్ గారు, పళ్ల మధ్య నుంచి.

"ప్రాక్టీసు కాదండి. శాయశక్తులా ఆడినాను. ఓడిపోనాను."

తులసి ఒక్కర్తే చప్పట్లు కొట్టింది. సింహాచలం అందుకున్నాడు. తర్వాత కొంతమంది, ఎందుకు కొడుతున్నారో తెలియకుండానే కొట్టారు. మర్నాడు పేపర్లో మాత్రం "ఓటమెరుగని రమణకు కిరీటం" అనే వచ్చింది. వార్త ముందురోజే రాసి పంపేశారట. కిరీటం చీకటి పడకముందే షాపుకు తిరిగి వెళ్లిపోయింది. అద్దె పొడిగించడానికి కమిటీ ఒప్పుకోలేదు.

రమణను కూడా కమిటీ ఇక పొడిగించలేదు. ఓడిపోయానని తనే చెప్పుకునేవాడితో ఫ్లెక్సీలు వేయడం కష్టం. తర్వాతి సంవత్సరానికి ఇంకో ఓటమెరుగనివాడు దొరికాడు. అతని సంగతి నాకు ఎక్కువ తెలియదు. అతనితో ఆడినవాళ్లకూ ఎక్కువ తెలియదు.

రమణ కప్పుల సంఖ్య ఆగిపోయింది. ఆదివారాలు బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి భవానితో ఆడేవాడు. తులసి వెంట వచ్చి, సింహాచలం భార్యతో కబుర్లు చెబుతూ కూర్చునేది. ఓడిన రోజులే ఎక్కువని సింహాచలం చెప్పాడు. కాని ఇప్పుడు వాడి ఆట చూస్తే నాకు మా నాన్న గుర్తొస్తారు. ఆయన ఉంటే ఈ ఆట చూడ్డానికి రెండోసారి కూడా నా వెంట వచ్చేవారు.

భవాని రాష్ట్రం దాటి ఆడటం మొదలుపెట్టింది. అక్కడ కుక్కర్లు ఇవ్వరు. దారిఖర్చులు కూడా ఇవ్వరు. అయినా వెళ్తోంది.

కొత్తవాళ్లకు

నేను రిటైరైన రోజు అసోసియేషన్ వాళ్లు మధ్యాహ్నం ఒక హోటల్లో నన్ను సన్మానించారు. శాలువా కప్పాక ఛైర్మన్ గారు మైకులో అడిగారు. "ఇన్నేళ్లలో మీరు సూసిన గొప్ప ప్లేయరు ఎవరో సెప్పండి." కొత్త ఓటమెరుగనివాడు ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

మనిషి పేరు నా దగ్గర లేదండి, ఒక ర్యాక్ ఉంది అన్నాను.

"ఏ ర్యాకు?"

"ఆట పాడైపోయిందా అని మీరడిగారే, అది."

ఛైర్మన్ గారు నవ్వారు. అర్థమై నవ్వారో, మైకు ముందు నవ్వడం అలవాటై నవ్వారో నాకు తెలియదు. భోజనాలు మొదలెట్టమన్నారు.

మీకు నేను చెప్పగలిగింది కూడా ఇంతే. ఆటగాళ్లకు మార్కులు వేయడానికి ఛైర్మన్లున్నారు, పేపర్లున్నాయి, ఫోన్లున్నాయి. మీరు బంతులు సరిగ్గా పేర్చండి, ఫౌల్ అయితే ఫౌల్ అనండి. ఖాళీ దొరికితే కుర్చీ వైపు చూడండి. మీకు తెలిసినదాన్ని మైకులో ఎవరూ అడగరు. అడిగితే భోజనాలు మొదలైపోతాయి.

ఆ రోజు భవాని రాలేదు. ఎక్కడో దూరంగా పెద్ద పోటీలో ఆడుతోంది. మేము ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉండగా సింహాచలం ఫోన్ చూసుకుని, ఓడిపోయిందట అన్నాడు. ఛైర్మన్ గారు నాకు దగ్గరగా వచ్చి, "సూసేరా? బైటికెల్తే తెలుస్తాది" అన్నారు. ఆయన గొంతులో సంతోషం దాగలేదు.

రమణ అప్పటికే గోడ పక్కకు వెళ్లి ఆమెకు ఫోన్ కలిపాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, ప్లేటు కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఓడిపోతే పోనావులే, అది తర్వాత సెప్పు. ఆకరి ర్యాకులో తెల్ల బంతి ఎక్కడున్నాది? మూల కాడా? మరి ఆ అమ్మి ఏటి సేసింది?... ఓలమ్మో. రెండు గోడలు కాదా, మూడు గోడలా?"

ప్లేటులో గులాబ్‌జామూన్‌ను తెల్ల బంతి చేశాడు. జీడిపప్పులు ఏరి అటూ ఇటూ పెట్టి, వేలితో జామూన్‌ను మెల్లగా తోస్తున్నాడు. ఒకచోట నచ్చక వెనక్కి తెచ్చి మళ్లీ తోశాడు. తులసి వచ్చి భుజం తట్టింది.

"తిను. సల్లారిపోతన్నాది."

"ఉండే" అన్నాడు ప్లేటు మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా ఐదో బంతి పడనేదు."